వన్స్‌మోర్ మీట

విడపనకల్లు జనానికి సినిమా చూపించడం ఆషామాషీ వ్యవహారం కాదు. నచ్చకపోతే ముఖం ముడుచుకుని ఇంటికి పోయే రకం కాదు వాళ్ళు. బొమ్మ మసకబారితే కేకలు, మాట తెగితే ఈలలు, హీరో చచ్చిపోతే ఏకంగా ఆపరేటర్ని పట్టుకుని తిట్లు. హీరోని చంపింది ఆపరేటరా పాపం? అయినా తిట్టేది ఆయన్నే. చేతికందే దూరంలో ఉన్నది ఆయనొక్కడే కదా మరి! ముప్పై ఏళ్ళుగా ఆ తిట్లన్నీ తిని అరిగించుకున్న మనిషి ఇమాం హుస్సేన్. ఓబుళేశ్వర టాకీసులో ప్రొజెక్టరు ఆడించేది ఆయనే. హాలు వెనక మెట్లెక్కితే రేకుల కప్పు కింద ఒక ఇరుకు గది, అందులో రెండు పాత మిషన్లు, తెరవైపు గోడకి జానెడు కన్నాలు. దాన్ని కేబిన్ అంటారు. బయటి ఎండ కంటే లోపలి వేడే ఎక్కువ.

2006 ఆషాఢంలో, వాన చుక్క లేకుండా ఉత్త గాలి మాత్రం మనుషుల్ని తోసేస్తున్న రోజుల్లో, ఆయన కూతురు నాజ్‌నీన్ హైదరాబాదు నుంచి ఒక నల్లపెట్టె తెచ్చి ఆ కేబిన్లో దించింది. బియ్యం డబ్బా అంత పెట్టె. దాని పక్కన కొత్త ప్రొజెక్టరు, హాలు మిద్దె మీద గొడుగులాంటి యాంటెన్నా. సినిమా ఆకాశం నుంచి యాంటెన్నాలోకి, యాంటెన్నా నుంచి పెట్టెలోకి వచ్చి కూర్చుంటుంది. ఆట టైముకి పెట్టే ఆడిస్తుంది. రీళ్ళు లేవు, చుట్టడాలు లేవు, మధ్యలో తెగడాలు లేవు. ఆ పెట్టె బుర్రలో ముప్పాతిక భాగం నాజ్‌నీన్ రాసినదే.

నాజ్‌నీన్ అనంతపురంలో కంప్యూటర్ సైన్సు చదివింది. ఆమె తొంభై ఎనిమిదిలో కాలేజీలో చేరినప్పుడు కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి పోవాలి, గుడిలోకి పోయినట్టు. చదువయ్యాక తోటివాళ్ళంతా బ్యాంకులకీ బీమా కంపెనీలకీ ప్రోగ్రాములు రాయడానికి పోతే ఈ పిల్ల మాత్రం సినిమాని పట్టుకుని వేలాడింది. మొదట రెండేళ్ళు బొమ్మల సినిమాలు చేసే కంపెనీలో, ఆ తర్వాత ఈ పెట్టె కంపెనీలో. "సినిమా చూసేదానికి ఇంత చదువెందుకే?" అని తల్లి మదీనాబీ నెత్తి కొట్టుకుంటే, ఇమాం హుస్సేన్ టీకొట్టు దగ్గర అందరికీ విడమరిచి చెప్పేవాడు. "మా పాప ఎంత పెద్ద సినిమానైనా సంకలో పెట్టుకునే అంత మూట కడ్తాది. కట్టి తాళమేస్తాది. ఆ తాళం తీసేది దొంగనాకొడుకుల తాతకు గూడా తెలీదు!" ఆ పనిని అంత తేలిగ్గా చెప్పడం ఆమె కంపెనీలో ఒక్కడికి కూడా చేతకాలేదు.

అంత మురిసిపోయే తండ్రికి ఒక్క మాట చెప్పలేక ఆరు నెలలుగా చచ్చి బతుకుతోంది నాజ్‌నీన్. ఆ పెట్టె అమ్మడానికి కంపెనీ ఒక రంగుల కాగితం అచ్చు వేయించింది. అందులో మొదటి వాక్యం, అన్నింటికంటే పెద్ద అక్షరాల్లో: "ఈ పెట్టె ఉంటే ఆపరేటర్ అవసరం లేదు." ఆ వాక్యం రాసింది ఎవరో కాదు, తనే. రాసిన రోజు ఎంత బాగా కుదిరిందని అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాక గానీ ఆ ఆపరేటరు ఎవరో గుర్తుకు రాలేదు మహాతల్లికి.

పోనీ, పరీక్ష ఎక్కడో వేరే ఊళ్ళో జరిగినా బాగుండేది. అదీ తన నోటి చలవే. ఒకరోజు క్యాంటీన్లో, "మా ఊరి కరెంటుకి, మా ఊరి దుమ్ముకి, మా ఊరి జనానికి తట్టుకుంటే ఈ పెట్టె చంద్రమండలంలో కూడా ఆడుతుంది" అని గొప్పలు పోయింది. పక్క బల్ల మీద పైఅధికారి ప్రణీత్ కూర్చుని ఉన్నాడు. "అయితే అక్కడే పెడదాం" అన్నాడు. "కొత్తచెరువులో పెడదాం సార్, అక్కడ మంచి హాలుంది" అని బతిమాలింది. "మంచి హాలు మనకెందుకు?" అన్నాడాయన. అంతే, ఖాయమైపోయింది. శుక్రవారం నాటి ఆటలు సజావుగా సాగితే జిల్లాలో నలభై హాళ్ళకి పెట్టెలు. సాగకపోతే పెట్టె పని మూత.

అంటే లెక్క ఇది: ఆడితే నాయన కేబిన్ దిగిపోవాలి. ఆడకపోతే తన రెండేళ్ళ కష్టం గంగలో కలవాలి. కన్నకూతురే తండ్రి నోటికాడ కూడు లాగేసిందని రేపు ఊరంతా అంటుంది. ఊరు అంటే అననీ, నాయన ఏమంటాడు? ఇక మీదట తన ముఖం చూస్తాడా?

పెట్టె దించిన రోజు హాలు యజమాని హనుమంతరాయుడు వచ్చి టెంకాయ కొట్టాడు. పదిహేనేళ్ళు సర్పంచిగా చేసిన మనిషి, ఎక్కడ ఏం కొత్తది కనపడినా టెంకాయ కొట్టందే ఉండలేడు. మదీనాబీ చక్కెర పట్టుకొచ్చి ఫాతెహా చదివించింది. ఇమాం హుస్సేన్ మాత్రం పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, చేత్తో తడిమి, చెవి ఆనించి విన్నాడు.

"దీంట్లో రీలు యాడుండాది పాపా?"

"రీలు లేదు నాయనా. సినిమా అంతా లోపల్నే ఉండాది."

"మరి ఇరవై నిమిషాలకోసారి మిషను మార్చేది?"

"మార్చే పనే లేదు."

"ఓహో" అన్నాడు ఇమాం హుస్సేన్. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని, టీ తెస్తానని మెట్లు దిగిపోయాడు. ఆ 'ఓహో' నాజ్‌నీన్ గుండెల్లో ముల్లులా దిగబడింది. రెండు రోజులు అన్నం సయించలేదు.

శుక్రవారం వచ్చింది. పెద్ద హీరో సినిమా, అనంతపురంలో, బళ్ళారిలో, తమ ఊళ్ళో ఒకే రోజు విడుదల! విడపనకల్లు చరిత్రలో ఎన్నడూ లేదు. ఎప్పుడూ అందరూ చూసి పారేశాక, గీతలు పడి, సగం పాటలు తెగిపోయిన రీళ్ళు వచ్చేవి. ఈసారి కొత్త సినిమా కొత్తగా వచ్చిందంటే చుట్టుపక్కల పల్లెల నుంచి ట్రాక్టర్లు కట్టుకుని దిగారు జనం. మ్యాట్నీకి నేల టికెట్లు పావుగంటలో అయిపోయాయి. గేటు దగ్గర టికెట్లు చించే ఓబుళేసు చొక్కా చిరిగింది.

నాజ్‌నీన్ అన్నిటికీ సిద్ధంగా ఉంది. కరెంటు పోతే ముప్పావుగంట ఆడించే బ్యాటరీలు పెట్టింది. దుమ్ముకి జల్లెడలు పెట్టింది. గాలికి యాంటెన్నా కొట్టుకుపోకుండా ఎద్దుల పగ్గాలతో కట్టించింది. ఆట మొదలైంది. బొమ్మ పడగానే జనం ఒక్క క్షణం నోరు తెరిచి ఊరుకున్నారు. అంత తేటగా బొమ్మ ఆ తెర మీద ఎప్పుడు పడింది గనక! హీరో చొక్కా గుండీలు లెక్కపెట్టచ్చు. పదో నిమిషంలో కరెంటు పోయింది, పెట్టె చలించలేదు. ఇరవయ్యో నిమిషంలో వచ్చింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. పెట్టె నిమ్మకు నీరెత్తినట్టు ఆడుతూనే ఉంది. కన్నంలోంచి చూస్తున్న నాజ్‌నీన్‌కి అప్పుడే కాస్త ఊపిరి ఆడింది.

అప్పుడొచ్చింది పాట. బావి దగ్గర పాట. డప్పు దెబ్బకి హాలు హాలంతా లేచి నిలబడింది. తువ్వాళ్ళు గాల్లోకి ఎగిరాయి, రూపాయి బిళ్ళలు తెరకు తగిలి గలగలమన్నాయి. పాట అయిపోయింది. అయిపోగానే ఆరువందల గొంతులు ఒక్కటై అరిచాయి.

"వన్స్‌మోర్!"

ఇమాం హుస్సేన్ చెయ్యి అలవాటుగా పాత మిషను వైపు పోయి, ఆగి, కూతురి వైపు తిరిగింది. "ఎయ్ పాపా, మళ్ళా ఎయ్."

నాజ్‌నీన్ తల అడ్డంగా ఊపింది. "అది కుదరదు నాయనా."

"కుదరదా?"

"ఈ పెట్టె ముందుకే పోతాది. ఎనక్కి రాదు."

అందరికీ శకునం చెప్పే బల్లి తనే కుడితిలో పడటమంటే ఇదే. అసలీ సీమలో ఒక పాటని ఒక్కసారి విని ఊరుకున్నవాడెవడు? నాటకాలాడే రోజుల్లోనే పద్యం బాగుంటే మూడుసార్లు పాడించుకునేవాళ్ళు. పాడనంటే ఆ నటుడు ఊరు దాటి పోయేవాడు కాదు. సినిమా హాలు వచ్చాక ఆ మర్యాద హాలుకి పాకింది. మొదటి ఆటలోనే ఏ పాటకి జనం లేస్తారో ఇమాం హుస్సేన్ పసిగట్టి, ఆ పాట మొదట్లో రీలులో ఒక కాగితం ముక్క దూర్చేవాడు. కేక పడగానే చకచకా వెనక్కి తిప్పి, కాగితం దగ్గర ఆపి, మళ్ళీ ఆడించేవాడు. చిన్నప్పుడు ఆ కాగితం ముక్కలు చించి ఇచ్చిందెవరు? ఈ నాజ్‌నీనే! తన లెక్కల నోటుపుస్తకం చివరి కాగితాలన్నీ అలాగే ఖర్చయ్యాయి. అలాంటిది, రెండేళ్ళు కూర్చుని, దొంగతనంగా కాపీ తీయకుండా సినిమాని వెనక్కి తిప్పే దారే లేకుండా గట్టి గోడ కట్టి, ఆ గోడకి కంపెనీలో బహుమతి కూడా తీసుకుంది. తనూరి జనం సంగతి ఒక్కసారైనా తట్టలేదు. చదువుకుంటే ఉన్న మతి పోతుందని ముసలివాళ్ళు ఊరికే అనరు.

కింద తెర మీద హాస్యం నడుస్తోంది, ఎవడూ చూడటం లేదు. "పాట ఏయండ్రా!" "దుడ్లు ఊరికే ఇచ్చినామా?" మొదట కాగితాలు, తర్వాత శెనక్కాయ పొట్టు, తర్వాత చెప్పులు తెర మీద పడసాగాయి. ఎక్కడో బెంచీ కాలు ఫెళ్ళుమంది. హనుమంతరాయుడు పంచె ఎగ్గట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"ఏమప్పా ఇమామూ! కింద బెంచీలు ఇరగ్గొడతాండారు, నువ్వు ఈడ ఏం చేస్తాండావు? పాట ఏసి పారేయ్!"

"ఏస్తామన్నా. రోంత ఓపిక పట్టు."

నాజ్‌నీన్ అప్పటికే సెల్‌ఫోన్లో ప్రణీత్‌ని పట్టుకుంది. ఆ గోడకి తాళంచెవులు రెండు. ఒకటి తన దగ్గర, రెండోది ఆయన దగ్గర. రెండూ కలిస్తేనే లోపల అక్షరం మార్చగలరు. అది కూడా తను పెట్టిన నియమమే.

"పాట మళ్ళీ కావాలా?" అన్నాడు ప్రణీత్ తాపీగా. "కావాలంటే మళ్ళీ టికెట్ కొనుక్కుని రమ్మనండి."

వాడి నోట్లో మన్ను! నాజ్‌నీన్ ఫోన్ తీసి కన్నంలోంచి హాల్లోకి పట్టుకుంది. పావు నిమిషం అలాగే పట్టుకుని మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏంటా శబ్దం? అక్కడ వర్షం పడుతోందా?"

"మా ఊళ్ళో వర్షమెక్కడిది సార్? అవి చెప్పులు. ఇంకో పది నిమిషాలైతే కొత్త ప్రొజెక్టరు మీదికి వస్తాయి."

అవతలినుంచి ప్రణీత్ తన తాళంచెవి అక్షరాలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు. "మూడుసార్లు మించి వేయడానికి వీల్లేకుండా చూడండి" అని మాత్రం అన్నాడు.

చెవి దొరికింది సరే, గోడకి తలుపు పెట్టడానికి వ్యవధి ఏది? కనీసం పదిహేను నిమిషాలు కావాలి. కింద జనం పదిహేను క్షణాలు కూడా ఇచ్చేలా లేరు. నాజ్‌నీన్ చేతి గడియారం కేసి చూడటం ఇమాం హుస్సేన్ కనిపెట్టాడో, ఊహించాడో, లేచి గోడకున్న మైకు అందుకున్నాడు. రెండో చేత్తో ఇంటర్వెల్ గంట మీట నొక్కి పట్టుకున్నాడు. నలభై ఐదో నిమిషంలోనే ఇంటర్వెల్! నాజ్‌నీన్ బొమ్మ ఆపింది, హాల్లో లైట్లు వెలిగాయి.

"అప్పా, అందురూ ఇనండి. నేను ఇమాం హుస్సేన్ని మాట్లాడతాండా. ఇంటర్వెల్ అయినాంక బొమ్మ బావికాడ పాటతోనే మొదలయితాది. మీరు తృప్తిగా టీ తాగి, ఆంజినమ్మ కాడ బజ్జీలు తిని రాండి. పాట పడకపోతే ఆ చెప్పులు తెర మీద ఏయద్దు. పైకొచ్చి నా మీద ఏయండి."

ఒకే సినిమా రెండు ఊళ్ళలో ఆడే కాలంలో, పక్క ఊరి నుంచి సైకిలు మీద రావలసిన రీలు రాకపోతే ఆయన చేసిన పనే ఇది. ఆ గొంతు జనానికి కొత్తది కాదు. గొణుక్కుంటూ, నవ్వుకుంటూ బయటికి కదిలారు. ఇమాం హుస్సేన్ కేబిన్ తలుపు మూసి, హనుమంతరాయుడు మళ్ళీ రాకుండా దానికి వీపు ఆనించి కింద కూర్చున్నాడు.

"కానియ్ పాపా. ఆంజినమ్మ బజ్జీలు కాగేసరికి ఇరవై నిమిషాలయితాది. ఆయమ్మ ఏనాడూ బిన్నా ఇయ్యలేదు."

నాజ్‌నీన్ రాసింది. కొట్టేసింది. మళ్ళీ రాసింది. మొదటిసారి పెట్టె ఒప్పుకోలేదు, ఒకసారి విప్పిన ముక్కని మళ్ళీ విప్పనని మొండికేసింది. 'ఎవడ్రా ఇంత మొండిగా రాసింది!' అని పళ్ళు కొరికి, రాసింది తనేనని గుర్తొచ్చి కళ్ళ నీళ్ళతో నవ్వింది.

"పాట యాడ మొదలు, యాడ కడ నాయనా? నేను చూసుకోలేదు."

"బావి గిలక కిర్రుమంటాది సూడు, ఆడ మొదలు. కడాకు డప్పు మూడు దెబ్బలు పడతాది, మూడో దెబ్బ కాడ కోసెయ్."

ఒక్కసారి విన్న పాట. సరిగ్గా ఆ రెండు చోట్లే గుర్తులు పెట్టింది. పాత రీలులో కాగితం ముక్కలకు బదులు రెండు అంకెలు, వాటిని కలుపుతూ కీబోర్డు మీద ఒక మీట. ఆఖరి గంట మోగే వేళకి ఆ మీట మీద వేలు పెట్టి బిస్మిల్లా అనుకుని నొక్కింది.

బావి గిలక కిర్రుమంది.

ఇక ఆ హాల్లో ఏమైందో రాయడం దండగ. మూడుసార్లు పడింది పాట, మూడుసార్లూ జనం ఊగిపోయారు. చెప్పులు పోగొట్టుకున్నవాళ్ళు ఒంటి చెప్పుతో గంతులేశారు. నాలుగోసారి అడిగితే ఇమాం హుస్సేన్ మైకులో "సాలు, ఇంక కథ సూడండప్పా" అన్నాడు. ఆ ముక్కకీ ఈల వేశారు. మిగతా సినిమా వెన్నలా సాగిపోయింది. జనం బయటికొస్తూ ఓబుళేసు చిరిగిన చొక్కా పట్టుకుని మరీ మెచ్చుకున్నారు.

నాజ్‌నీన్‌కి మాత్రం అసలు గండం అప్పుడు మొదలైంది. పెట్టె గెలిచింది. ఇక చెప్పక తప్పదు. ఎలా మొదలుపెట్టాలా అని గొంతు సవరించుకునేలోపు హనుమంతరాయుడు ముఖమంతా నవ్వుతో మెట్లెక్కాడు. చేతిలో రంగుల కాగితం. కంపెనీ నేరుగా పోస్టులో పంపిన సంగతి ఆమెకి తెలియదు.

"పాపా, పెట్టె ఈడ్నే ఉంటాది. ఖాయం. రేపే మీవోళ్ళకు చెప్పు" అంటూ స్టూలు మీద కూర్చున్నాడు. కాగితం విప్పి, కళ్ళజోడు పెట్టుకున్నాడు. "అయితే ఈడేందో రాసినారు. ఈ పెట్టె ఉంటే ఆపరేటర్ అవసరం లేదంట. మరి మన ఇమామూ?"

సీమ మనిషి కదా, ముసుగులో గుద్దులాట తెలియదు. ఉన్నది ఉన్నట్టు అడిగేశాడు.

"ఆ మాట రాసింది నేనే నాయనా" అంది. ఆరు నెలలుగా గొంతులో ఉన్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "నీకు చెప్పల్లని ఎన్నోసార్లు ఫోన్ చేసినా. నోరు రాలేదు. ఈ పెట్టె ఆడకపోతే బాగుండునని గూడా అనుకున్యా. మళ్ళా ఆడల్లని గూడా అనుకున్యా. నీ పని తీసేసేదానికి నేనే వచ్చినా నాయనా, నేనే." అంతటితో ఏడుపు వచ్చింది.

ఇమాం హుస్సేన్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది.

"రీలు లేని పెట్టె తెచ్చినప్పుడే తెలిసె గద పాపా! మార్చే పని లేదంటివి. ఇంక నేనేం చేయల్ల ఆడ, పెట్టెకు జోల పాడల్లనా?"

"మరి ఆ పొద్దు ఏం మాట్లాడకుండా దిగిపోయినావే?"

"ఏం మాట్లాడేది? మెట్ల మింద కూర్చోని అల్లాకు దండం పెట్టుకున్యా. ఒళ్ళంతా తేలికయిపాయె." ఇమాం హుస్సేన్ తువ్వాల తీసి ఒళ్ళో పెట్టుకుని, యజమాని వైపు చూడకుండా అన్నాడు. "మిషను మార్చల్లంటే తెర మూలన చుక్క పడతాది గదా. ఆ చుక్క నాకు కనపడక రెండేండ్లాయె."

హనుమంతరాయుడు కళ్ళజోడు తీశాడు. "ఏమంటివి?"

"కంట్లో పొరలన్నా. ఈ కన్నంలోంచి చూస్తే తెర తెల్లగా ఉందనేది తెలుస్తాది, అంతే. మొదటాటకు కిందనుంచి ఓబుళేసు టార్చి ఊపుతాడు. రెండో ఆటకంతా మాటలు నోటికొచ్చేస్తాయి, ఇని మారుస్తా. నీకు చెబ్దామంటే నోరు రాదు. ముప్పై ఏండ్లు ఆడిచ్చినోడు కండ్లు కనపడవని ఎట్ల చెబ్తాడు? కొత్త సినిమా వస్తాందంటే గురువారం నిద్ర పట్టేది కాదు. ఈ పెట్టె దిగినాంకనే రెండు రాత్రులు నిద్రపోయినా."

"నీ పాసుగూల!" హనుమంతరాయుడు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "రెండేండ్లు కండ్లు మూసుకోని నా హాలు నడిపినావా? ఓబుళేసుగానికి గూడా తెలుసా? అంటే ఈ హాల్లో నాకొక్కనికే తెలీదా?" తిట్లు అయిపోయాక ఆయనే మళ్ళీ కూర్చుని, గొంతు తగ్గించి అన్నాడు. "సోమవారం అనంతపురం పోయి పొరలు తీపిచ్చుకో. నా జీపు తీస్కపో. తిరిగొచ్చినాంక కింద మేనేజరు కుర్చీలో కూర్చుందువు గాని. మైకు మాత్రం నీదే. ఈ జనాన్ని పట్టుకునేది ఆ పెట్టె చేత కాదు."

ఆయన దిగిపోయాక తండ్రీకూతుళ్ళిద్దరే మిగిలారు. నాజ్‌నీన్ ముక్కు తుడుచుకుంటూ, "ముందే చెప్పుంటే నేనింత ఏడ్చేదాన్ని కాదు గదా నాయనా" అంది.

"నువ్వు చెప్పినావా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని మళ్ళీ నవ్వుకున్నారు. ఇన్నాళ్ళకి నాజ్‌నీన్ మనసు నిమ్మళమైంది. ఆకలి కూడా అప్పుడే తెలిసింది. ఆంజినమ్మ దగ్గర మిగిలిన బజ్జీలన్నీ తెప్పించి ఇద్దరూ కేబిన్లోనే తిన్నారు.

సాయంత్రం ఫస్ట్ షోకి మదీనాబీ వచ్చింది. పెళ్ళయ్యాక ఆమె చూసిన సినిమాలన్నీ ఆడవాళ్ళ బెంచీలో ఒంటరిగా చూసినవే. మొగుడు ఎప్పుడూ వెనక, పైన. ఆ రోజు ఇమాం హుస్సేన్ మెట్లు దిగి, ఆమె చెయ్యి పట్టుకుని తిన్నగా ముందుకు నడిపించాడు. బెంచీలు దాటి, అందరికంటే ముందు, నేల టికెట్ల చోట చతికిలబడ్డాడు. దగ్గరికి పోతే ఆయనకి బొమ్మ తెలుస్తుందట. "సిగ్గు లేదా మనిషికి, నేల మింద కూర్చోబెట్టినావు" అని మదీనాబీ గొణుగుతూనే చెంగు సర్దుకుని పక్కన కూర్చుంది. పైనుంచి నాజ్‌నీన్‌కి తెర వెలుగులో రెండు తలలు కనిపించాయి, ఒకటి నెరిసిన జుట్టు, ఒకటి ముసుగు.

మొదటి బొమ్మ పడగానే ఆయన మెడ పైకెత్తాడు. ఇక దించలేదు. ఎవరో వెనకనుంచి "తల అడ్డం తియ్యి పెద్దాయనా" అని కసిరారు. ముప్పై ఏళ్ళు ఊరికంతా సినిమా చూపించిన మనిషి తల అడ్డమట! నాజ్‌నీన్‌కి కోపం రావాలి, రాలేదు.

పాట వచ్చింది, అయిపోయింది. ఫస్ట్ షో జనం కుటుంబాల వాళ్ళు, పిల్లల తల్లులు. మ్యాట్నీ కుర్రాళ్ళలా కాదు. చప్పట్లు కొట్టి ఊరుకున్నారు. నాజ్‌నీన్ వేలు మీట మీదే ఉంది. అడగకుండా వేయడం మర్యాద కాదు. తర్వాతి సీను మొదలవుతోంది.

అప్పుడు అందరికంటే ముందు వరస నుంచి, నేల మీద నుంచి, ఒక్క గొంతు లేచింది.

"వన్స్‌మోర్!"

ఆ గొంతు ఎవరిదో హాలుకంతటికీ తెలుసు. ఆరువందల మందీ ఆయనతో కలిసి అరిచారు. నాజ్‌నీన్ కళ్ళు తుడుచుకోకుండానే మీట నొక్కింది. నాయన అడిగితే కాదనేదెవరు?